బెర్గెన్ నుంచి కిర్కెనెస్: చలికాలపు ఓడలో ఏ వైపు గది, ఏ మాసం?

గోదారిగట్టు:

నమస్కారం. 2026 డిసెంబరు మూడో వారంలో గానీ, 2027 మార్చి మొదట్లో గానీ నార్వే తీరం వెంట బెర్గెన్ నుంచి కిర్కెనెస్ దాకా ఓడలో వెళ్లాలని అనుకుంటున్నాం. నేను, నా భార్య, డెబ్బై రెండేళ్ల మా అమ్మ. తిరుగు ప్రయాణం ఓడలో కాదు, కిర్కెనెస్ నుంచి ఓస్లోకు విమానంలో. ఫలానా గదే కావాలంటే అదనంగా చెల్లించాలని ఏజెంటు చెబుతున్నాడు. ఆ సొమ్ము పెట్టడం దండగా కాదా అన్నది నా మొదటి సందేహం. ఇంతకు ముందు వెళ్లొచ్చిన ఇద్దరు మిత్రులను అడిగితే, ఒకరు కళ్లు మూసుకొని కుడివైపు తీసుకోమన్నారు, రెండోవారు కుడివైపు తీసుకుంటే నార్తర్న్ లైట్స్‌పై (ధ్రువకాంతి, అరోరా అని కూడా అనే రాత్రి ఆకాశపు వెలుగుపై) ఆశ వదులుకోమన్నారు. డిసెంబరులో అయితే మా ఇద్దరికీ సెలవులు తేలికగా దొరుకుతాయి, మార్చిలో అయితే పై అధికారులను బతిమాలుకోవాలి. అనుభవజ్ఞులు కారణాలతో సహా చెబితే మేలు చేసినవారవుతారు.

తీరవాసి:

నేను ట్రోన్‌హైమ్‌లో ఉంటాను, ఈ మార్గంలో చలికాలంలో మూడుసార్లు వెళ్లాను. ఉత్తరదిశగా ఒకవైపు ప్రయాణమే అయితే కుడివైపు గది తీసుకోండి. విశాఖ నుంచి కోల్‌కతా వైపు ఓడలో వెళ్తే తీరం ఎడమచేతి వైపు ఉంటుంది, ఇక్కడ దానికి తలకిందులు: ఉత్తరానికి పోయే ఓడకు ప్రధాన భూభాగమంతా కుడివైపునే ఉంటుంది. మంచు కప్పిన కొండలు, వాటి పాదాల దగ్గర ఎర్రరంగు పూసిన చెక్క ఇళ్లు, ఎక్కడో ఒంటరిగా వెలిగే దీపస్తంభం, ఇవన్నీ మంచం మీద నుంచే కనిపిస్తాయి.

ఇది విహారం కోసం పుట్టిన మార్గం కాదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 1893 జూలైలో రిచర్డ్ విత్ అనే కప్తాను ట్రోన్‌హైమ్ నుంచి హామర్‌ఫెస్ట్‌కు తొలి ఓడను నడిపినప్పుడు ఇది టపాను, సరుకును, మనుషులను మోసే దారిగా మొదలైంది; నేటికీ ఓడ 34 రేవుల్లో ఆగుతుంది, వాటిలో కొన్నింటికి అర్ధరాత్రి దాటాక చేరుతుంది. నేను ఎక్కిన ఓడలో సరుకు తలుపు ఎడమవైపు ఉండేది. ఆ వైపు కింది అంతస్తులో పడుకున్నవారికి తెల్లవారుజామున మూడింటికి ఫోర్క్‌లిఫ్ట్ సుప్రభాతం పాడేది.

నక్షత్రకుడు:

చలికాలంలో అంత దూరం వెళ్లేది కొండలు చూడటానికా? కొండల కోసమైతే జూన్‌లో వెళ్లవచ్చు, అప్పుడు రాత్రంతా వెలుగే. చలికాలంలో చూడవలసింది ఆకాశాన్ని, దానికి చీకటి కావాలి. ఊళ్లు, రోడ్లు, వంతెనల దీపాలు ఎక్కువగా కుడివైపునే ఉంటాయి. నార్వే ఉత్తర కొసనున్న హోన్నింగ్స్‌వోగ్ రేవు దాటాక ఎడమవైపు కిటికీ బయట ధ్రువం వైపున్న స్వాల్బార్డ్ దీవుల దాకా ఊరన్నది లేదు, అంతా నల్లని సముద్రం. పైగా తీరవాసి గారి మాటలు విని ఎడమవైపు అంతా ఖాళీ సముద్రమే అనుకోనక్కర్లేదు. ఓడ చాలా భాగం దీవుల మధ్య సందుల్లోంచి వెళ్తుంది కనుక, పగటిపూట ఎడమవైపు వారికి కూడా కొండలకు కొదవ ఉండదు. నేను ఎడమవైపు గదిలో వెళ్లాను, పశ్చాత్తాపపడలేదు.

ఖగోళప్రియ:

ఇద్దరూ గట్టిగానే వాదిస్తున్నారు, కానీ ఈ కుడి ఎడమల వాదన వెనక ఉన్న ఒక ఊహ సరికాదు. ధ్రువకాంతి ఉత్తర దిక్కున మాత్రమే కనిపిస్తుందన్నది స్కాట్లాండ్ వంటి చోట్ల నుంచి చూసేవారి అనుభవం. ధ్రువం చుట్టూ ఉండే కాంతివలయం దాదాపు ఉత్తర నార్వేలోని ట్రోమ్సో పట్టణం ఉన్న అక్షాంశాల మీదుగానే పోతుంది కనుక, అక్కడ ఆ వెలుగు నడినెత్తిన వస్తుంది, సౌరగాలి (సూర్యుడి నుంచి వచ్చే కణాల ప్రవాహం) బలంగా వీచిన రాత్రుల్లో దక్షిణాన కూడా ఆడుతుంది. ఆకుపచ్చ వెలుగు పుట్టేది సుమారు 100 నుంచి 150 కిలోమీటర్ల ఎత్తులో. నెత్తిమీద జరిగేదాన్ని గది కిటికీలోంచి చూడాలంటే మెడ విరగాలి, పైగా అద్దంలో మన గది దీపమే మనకు కనిపిస్తుంది. కాబట్టి అరోరా కోసం వైపు ఎంచుకోవడం దండగ. పై డెక్ మీద, గాలి తగలని మూల, దీపాలకు దూరంగా నిలబడాల్సిందే.

అసలు లెక్క వైపుది కాదు, రాత్రులది. బెర్గెన్ నుంచి కిర్కెనెస్‌కు ఆరు రాత్రులు పడుతుంది, అయితే ఓడ ఆర్కిటిక్ వృత్తాన్ని దాటేది నాలుగో రోజు ఉదయం. అంటే ఒకవైపు ప్రయాణంలో మీకు నిజంగా పనికొచ్చే రాత్రులు మూడే: లోఫోటెన్ దీవుల దగ్గరి రాత్రి, ట్రోమ్సో దాటిన రాత్రి, హోన్నింగ్స్‌వోగ్ దాటిన రాత్రి. ఆ మూడు రాత్రులూ మబ్బు పట్టిందా, ఏ వైపు గది ఉన్నా ఒకటే. తిరుగు ప్రయాణం కూడా ఓడలోనే చేస్తే అవి ఆరవుతాయి, పైగా పోయేటప్పుడు చీకట్లో దాటిన చోట్లను వచ్చేటప్పుడు పగలు చూస్తారు. గది ఎంపికకు పెట్టే సొమ్మును అటువైపు మళ్లించగలరేమో ఆలోచించండి.

ఇక మాసం సంగతి. అరోరాను రగిలించే భూఅయస్కాంత తుపానులు విషువత్తుల (పగలు, రాత్రి సమానంగా ఉండే రోజుల) సమీపంలో, అంటే మార్చి, సెప్టెంబరు ప్రాంతాల్లో సగటున ఎక్కువ. దీనికి రస్సెల్, మెక్‌ఫెరాన్ అనే శాస్త్రవేత్తలు 1973లో ఒక వివరణ ఇచ్చారు. దానికి తోడు చంద్రుడు లేని రాత్రి కావాలంటే మన పంచాంగంలోనే ఒక గుర్తు ఉంది: మహాశివరాత్రి ఎప్పుడూ అమావాస్య ముంగిట వస్తుంది, ఎప్పుడూ ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే వస్తుంది. 2027లో అది మార్చి 6న. ఆ వారంలో ఓడ ఆర్కిటిక్ వృత్తం దాటేలా తేదీ చూసుకుంటే చాలు. జాగారం ఎలాగూ చేస్తారు.

నీలిసంధ్య:

డిసెంబరును అందరూ తేలికగా కొట్టిపారేస్తున్నారు కనుక ఆ పక్షాన నేను మాట్లాడతాను. ట్రోమ్సోలో సుమారు నవంబరు 27 నుంచి జనవరి 15 దాకా సూర్యుడు క్షితిజం పైకి రాడు, నిజమే, కానీ అది కటిక చీకటి కాదు. ఉదయం పదింటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా మంచు మీద పరుచుకునే నీలిరంగు, దక్షిణాన అంచుకు అంటిన గులాబీ రంగు మార్చిలో ఎంత డబ్బు పెట్టినా దొరకవు. వెన్నెలను శత్రువుగా చూడటం కూడా నాకు నచ్చదు. మార్గశిర పౌర్ణమి ప్రాంతంలో అక్కడ చంద్రుడు రోజుల తరబడి అస్తమించకుండా ఆకాశంలో చుట్టూ తిరుగుతాడు, ఆ వెలుగులో కొండలు పగటిలా కనిపిస్తాయి. బలమైన అరోరాను వెన్నెల చెరిపేయలేదు. 2026లో ఆ పౌర్ణమి డిసెంబరు 24న పడుతోంది.

తీరవాసి:

నీలిసంధ్య గారు చెప్పిన నీలివెలుగును నేను కూడా చూశాను, మరువలేనిది. కానీ అది నాలుగు గంటలు, మిగిలిన ఇరవై గంటల సంగతి కూడా చెప్పాలి. ఓడ బొడో రేవు నుంచి మధ్యాహ్నం మూడు ప్రాంతంలో బయలుదేరి వెస్ట్‌ఫ్యోర్డ్ అనే విశాలమైన సముద్రపు పాయను అడ్డంగా దాటుతుంది. ఎదురుగా లోఫోటెన్ కొండలు సముద్రంలోంచి గోడ కట్టినట్టు లేస్తాయి, ఈ ప్రయాణం మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన దృశ్యం అదే. డిసెంబరులో ఆ వేళకే చీకటి పడిపోయి ఉంటుంది, మార్చి మొదటివారంలో అదే గోడ వెనక సూర్యుడు దిగుతుంటాడు. ఇంకొకటి: జనవరి నుంచి ఏప్రిల్ దాకా బారెంట్స్ సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి కాడ్ చేపలు లోఫోటెన్‌కు వస్తాయి, దాంతో వాటిని వేటాడే పడవలతో, కొయ్య దండేల మీద ఆరబెట్టిన చేపలతో ఆ రేవులు జాతరలా ఉంటాయి. మా నర్సాపురం వైపు ఎండు చేపల వాసన ఎరిగినవారికి అక్కడ పరాయితనం అనిపించదు. కనుక మాసం విషయంలో నేను ఖగోళప్రియ గారి పక్షమే, అయితే కారణం వేరు. పగలు సుమారు పది గంటలు ఉండాలి, రాత్రి కూడా చాలినంత ఉండాలి, ఆ రెండూ కుదిరేది మార్చి మొదట్లో.

వైపు విషయంలో మాత్రం నా మాట మారలేదు. ఆ పది గంటల పగలు ఉందంటేనే కుడివైపు కిటికీకి విలువ ఉంది.

మధ్యడెక్కు:

కుడి ఎడమల గొడవలో మునిగి ఎవరూ ముందు వెనకల సంగతి, పైకిందుల సంగతి ఎత్తలేదు. దీవుల చాటు తప్పి ఓడ బయటి సముద్రంలోకి వచ్చే చోట్లు కొన్ని ఉన్నాయి: స్టాడ్ అగ్రం, హుస్టాడ్‌విక, ఫోల్డ, లోప్‌హావెట్, ఆపైన హోన్నింగ్స్‌వోగ్ నుంచి వార్డో దాకా బారెంట్స్ తీరం. హుస్టాడ్‌వికలోనే 2019 మార్చి 23న వైకింగ్ స్కై అనే నౌక ఇంజన్లు తుపానులో ఆగిపోతే 479 మందిని హెలికాప్టర్లతో తరలించారు. భయపెట్టడానికి చెప్పడం లేదు. మార్చి అంటే సముద్రం శాంతించిందని ఎవరూ అనుకోకూడదని చెబుతున్నాను. తీరపు ఓడల కప్తానులకు ఈ జలాలు ఇంటి వాకిలి వంటివి, గాలి మరీ ఎక్కువైతే ఆ రేవులో ఆగకుండానే సాగిపోతారు, లేదా ఆగిపోతారు.

ఓడ ఊగడం ముందు కొసనా పై అంతస్తుల్లోనూ ఎక్కువ, నడిమి భాగంలో కింద తక్కువ, అందులో కుడికీ ఎడమకీ తేడా లేదు. పెద్దావిడతో వెళ్తున్నారు కనుక మీకు ఇదే ముఖ్యం. రెండోది, గది ఫోటో కాకుండా అంతస్తు పటం చూడండి. కిటికీ ఉన్న గదికి డబ్బు కట్టి వెళ్తే మా కిటికీ నిండా ప్రాణరక్షక పడవ పొట్ట కనిపించింది. ఆరు రోజులూ ఆ నారింజ రంగే మా ఉత్తరధ్రువ దృశ్యం. మరికొన్ని గదుల ముందు నడకదారి ఉంటుంది, తెర తీస్తే ఎవరో ఒకరు లోపలికి చూస్తూ పోతారు.

గోదారిగట్టు:

అందరికీ కృతజ్ఞతలు. మార్చి గురించి నేను దాదాపు నిశ్చయానికి వచ్చాను, సెలవు సంగతి చూసుకుంటాను. అయితే ఖగోళప్రియ గారు డెక్ మీద నిలబడాల్సిందే అన్న మాట దగ్గర నా సమస్య మొదలవుతోంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు, చలిగాలి పడదు. ఆమె మెట్లెక్కి మంచు పట్టిన డెక్ మీద అర్ధరాత్రి నిలబడటం జరిగే పని కాదు. ఆమెకు కిటికీయే డెక్.

నక్షత్రకుడు:

ఈ ఒక్క మాటతో నా పక్షం సగం కూలిందని ఒప్పుకోక తప్పదు. రాత్రి వెలుగు కిటికీలోంచి చూడటం దైవాధీనం, పగటి కొండలు చూడటం ఖాయం. బయటికి రాలేనివారికి ఖాయమైనదే ఇవ్వాలి, కాబట్టి అమ్మగారికి కుడివైపు. మిగతా సగం మాత్రం వదులుకోను: డెక్ మీదికి వెళ్లగలిగినవారు ఎడమ కొసన నిలబడితే చీకటి ఎక్కువ.

ఖగోళప్రియ:

అలాగైతే నా మాటను కూడా కొంత సవరించుకుంటాను, దండగ అన్నది నడవగలిగినవారి విషయంలోనే. మీకు రెండు గదులు అవసరం కనుక డబ్బును రెండింటికీ సమంగా పంచకండి. నడిమి భాగంలో, కుడివైపు, అడ్డులేని కిటికీ ఉన్న గది ఒకటి ఎంచుకొని అదనపు సొమ్ము కట్టి తీసుకోండి, అందులో అమ్మగారు, తోడుగా మీ శ్రీమతి. మీరు కిటికీయే లేని లోపలి గదిలో సర్దుకోండి, ఎలాగూ ఆ మూడు రాత్రులు డెక్ మీదే ఉంటారు. పైగా ఓడ ముందు భాగంలో పై అంతస్తున అద్దాల హాలు ఉంటుంది, లిఫ్టులో చేరవచ్చు. వెస్ట్‌ఫ్యోర్డ్ దాటే సాయంత్రం బొడో వదలక ముందే అక్కడ ఆవిడకు ఒక కుర్చీ పట్టి ఉంచండి, ఎందుకంటే లోఫోటెన్ గోడ ఎదురుగా వస్తుంది, ఏ వైపు కిటికీలోనూ పూర్తిగా పట్టదు.

తీరవాసి:

ఒక చిన్న సంగతి చేర్చి ఊరుకుంటాను. అరోరా కనిపించగానే ఓడ సిబ్బంది స్పీకరులో చెబుతారు, గదిలో ఫోన్ ద్వారా ఆ ప్రకటన నిద్రలో కూడా వినిపించేలా పెట్టుకోవచ్చు. చాలామంది రెండో రాత్రి నిద్ర చెడిందని విసుక్కొని దాన్ని తీసేస్తారు. అమ్మగారి గదిలో మాత్రం తీయకండి. పిలుపు వినబడగానే దీపాలన్నీ ఆర్పి, తెర తీసి, అద్దానికి దగ్గరగా కూర్చోబెట్టండి. ఆ రాత్రి వెలుగు దక్షిణాన ఆడితే కుడివైపు కిటికీకే వస్తుంది.