రెండు రాత్రులు నేను ఇంట్లో ఉండను, తల్లిపాల పాపకు గిన్నె ఎలా అలవాటు చేయాలి?

అక్కలూ, అమ్మలూ, కాస్త సలహా చెప్పండి. మాది తిరుపతి. పాపకు ఐదో నెల, నా పాలు తప్ప ఇంకేమీ ఎరగదు. వచ్చే నెల పరీక్షకు విజయవాడ వెళ్లాలి. రాత్రి రైలెక్కి, పరీక్ష రాసి, మళ్లీ రాత్రి రైలుకే తిరిగొస్తాను. పాపను అత్తమ్మ చూసుకుంటారు.

పిండిన పాలు ఫ్రిజ్‌లో 4 రోజులు, చల్లటి గదిలో 4 గంటలు ఉంటాయని డాక్టరమ్మ చెప్పారు. మన ఊరి ఎండకు గది చల్లగా ఎక్కడుంటుంది! కరెంటు పోతే ఐస్ ప్యాకులతో డబ్బాలో పెట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అసలు టెన్షన్ వేరే. సీసా పెడితే నాలుకతో నెట్టేస్తుంది. నేను పట్టబోతే ఇంకా ఘోరం, నా వాసన తగిలి జాకెట్ వైపే తిరిగి ఏడుస్తుంది. ఉగ్గుగిన్నెతో అత్తమ్మ పట్టినప్పుడు కొంచెం మింగింది, సగం గౌను మీదే పోయిందనుకోండి. గిన్నే నయమనిపిస్తోంది. బాగా ఆకలేశాక పట్టాలా, ముందే పట్టాలా? ఆ టైంలో నేను బయటికి వెళ్లిపోవాలా? పిండిన పాలను గోరువెచ్చటి నీళ్లలో గిన్నె ఉంచి వేడిచేస్తే చాలా?

"ఒక్కరోజుకు ఆవుపాలు పట్టేద్దాం" అంటున్నారు అత్తమ్మ. ఏడాది లోపు వద్దన్నారు డాక్టరమ్మ, అందులో నేను తగ్గను.

ఇంకొకటి, రైల్లో రొమ్ములు గట్టిపడితే ఎక్కడ, ఎలా పిండుకున్నారు? పరీక్ష మధ్యలో పాలు కారితే ఏం చేశారు?