పాప ఊపిరితిత్తి ముడుచుకుపోయిందన్నారు, హైదరాబాద్ తీసుకుపోవాలా?

ప్రశ్న (దేవరకొండ నుంచి, పాప మేనమామ)

అందరికీ నమస్కారం. మా అక్క పురిటికని మా ఇంటికి వచ్చింది, నెలలు నిండకముందే నొప్పులొచ్చి 32 వారాలకే కాన్పయింది. పాప బరువు కిలో 600 గ్రాములు. నల్గొండలో పిల్లల ఐసీయూలో ఉంచి ముక్కుకు సీప్యాప్ (ఒత్తిడితో గాలి పంపే మిషన్) పెట్టారు. మొదట బాగానే ఉందన్నారు, నిన్న రాత్రి ఉన్నట్టుండి ఆక్సిజన్ పడిపోయిందట. ఎక్స్‌రే తీసి, కుడి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి అది ముడుచుకుపోయిందని చెప్పి, మా సంతకం తీసుకుని పక్కటెముకల మధ్య నుంచి గొట్టం వేశారు. గొట్టం రెండో కొస నీళ్ల సీసాలో ఉంది, పాప ఏడ్చినప్పుడల్లా అందులో బుడగలు వస్తున్నాయి, అది చూసి మా అమ్మ ఒకటే ఏడుపు. బావ వాళ్లేమో మిషన్ గాలి ఎక్కువ పెట్టి ఊపిరితిత్తి పగలగొట్టారు, ఇప్పుడే హైదరాబాద్ తీసుకుపోదాం అంటున్నారు. నిజంగా మిషన్ వల్లేనా? మళ్లీ మామూలవుతుందా? అక్కకు ఏం చెప్పాలో తెలియట్లేదు, ఆమె ఇంకా వార్డులోనే ఉంది.

జవాబు 1 (పాలమూరు, నవజాత శిశువుల యూనిట్ నర్సు)

తమ్ముడూ, ముందు అమ్మకు ఆ బుడగల సంగతి చెప్పు. బుడగ వచ్చిందంటే పాప ఛాతీలో ఇరుక్కున్న గాలి బయటికి పోతోందన్నమాట. గొట్టం కొస నీళ్లలో మునిగి ఉంటుంది కాబట్టి గాలి బయటికి వస్తుంది గానీ వెనక్కి పోలేదు. ఏడ్చినప్పుడు లోపల ఒత్తిడి పెరుగుతుంది, అందుకే అప్పుడు బుడగలు ఎక్కువ. గొట్టంలో నీటి మట్టం పాప శ్వాసతో పాటు పైకీ కిందకీ ఊగుతుంటే గొట్టం పని చేస్తున్నట్టే, మేము డ్యూటీలో పదే పదే చూసేది అదే. ఊపిరితిత్తిలో గాలి లీకవుతున్న, చిరిగిన చోటు సాధారణంగా కొన్ని రోజుల్లో దానంతటదే మానుతుంది, ఊపిరితిత్తి విచ్చుకుంటుంది. బుడగలు ఆగాక ఇంకొంత సమయం చూసి, ఎక్స్‌రే తీసి, అప్పుడు గొట్టం తీస్తారు. కానీ బుడగలు ఆగిపోయి పాప ఎగశ్వాస తీస్తుంటే మాత్రం గొట్టం మడత పడిందో, మూసుకుపోయిందో అని వెంటనే చూడాలి, అక్కడున్న సిస్టర్‌ను గట్టిగా పిలవండి, మొహమాటం వద్దు. సీసాను మీరు ఎత్తకండి, అది ఎప్పుడూ పాప ఛాతీ కంటే కిందే ఉండాలి.

జవాబు 2 (పిల్లల డాక్టర్, మహబూబ్‌నగర్)

మిషన్ గురించి అడిగారు, ఉన్నదున్నట్టు చెప్తాను. ఊపిరితిత్తుల్లోని సన్నటి గాలి గదులు ఒకదానికొకటి అంటుకుపోకుండా సర్ఫాక్టెంట్ అనే సబ్బు లాంటి పదార్థం కాపాడుతుంది. అది 34, 35 వారాలు దాటాకే సరిపడా తయారవుతుంది. మీ పాపకు అది తక్కువ, అందుకే కొన్ని గదులు మూసుకుని ఉంటాయి, తెరుచుకున్నవాటి మీద ఒత్తిడంతా పడి అక్కడ చిరుగుతుంది. సీప్యాప్, వెంటిలేటర్ ఒత్తిడి ఆ ప్రమాదాన్ని పెంచుతుంది, అది నిజమే. కానీ ఆ ఒత్తిడే లేకపోతే ఈ బరువున్న పాప ఊపిరి తీసీ తీసీ అలసిపోతుంది. ఏ మిషనూ పెట్టకుండానే నెలలు నిండి పుట్టిన ప్రతి వంద మందిలో ఒకరిద్దరికి ఇలా గాలి లీకవుతుంది, చాలామందిలో ఎవరికీ తెలియకుండానే తగ్గిపోతుంది కూడా. ఉమ్మనీటిలో మలం పోసి అది ఊపిరితిత్తుల్లోకి పీల్చుకున్న పిల్లల్లోనూ చూస్తాం. కాబట్టి ఎవరో పగలగొట్టారని గొడవకు దిగకండి, దానికి బదులు రోజూ డాక్టర్‌ను ఇవి అడగండి: ఆక్సిజన్ ఎంత శాతం మీద ఉంది, ఒత్తిడి తగ్గించారా, సర్ఫాక్టెంట్ ఇచ్చారా, తల స్కాన్ ఎప్పుడు? తల స్కాన్ ఎందుకంటే, నెలలు తక్కువ పిల్లల్లో ఇలా లీకైనప్పుడు మెదడులో రక్తస్రావం జరిగే అవకాశం కొంచెం ఎక్కువ. మాడు మీద ప్రోబ్ పెట్టి మంచం దగ్గరే చేస్తారు, నొప్పేం ఉండదు.

హైదరాబాద్ విషయం: అక్కడి డాక్టరే ఇక్కడ కుదరదని చెబితే తప్పకుండా వెళ్లండి, నీలోఫర్ లాంటి పెద్దాసుపత్రి ఉంది. కానీ మీ అంతట మీరు డిశ్చార్జ్ రాయించుకుని మామూలు అంబులెన్స్‌లో తీసుకుపోవద్దు. నల్గొండ నుంచి దాదాపు 100 కిలోమీటర్లు, దారిలో గొట్టం కదిలినా, ఎవరైనా బుడగలు వస్తున్న గొట్టానికి క్లాంప్ (నొక్కి మూసే క్లిప్పు) వేసినా గాలి మళ్లీ నిండి గుండెను పక్కకు నెట్టేస్తుంది, నిమిషాల్లో ప్రాణం మీదికొస్తుంది. వెళ్లాల్సి వస్తే ఇంక్యుబేటర్, వెంటిలేటర్, గొట్టం చూసుకోగల మనిషి ఉన్న బండిలోనే, అక్కడ బెడ్ ఖాయమయ్యాకే.

జవాబు 3 (మిర్యాలగూడ)

మా బాబుకు ఎడమవైపు అయింది, ఇప్పుడు బడికి పోతున్నాడు, పరిగెత్తితే పట్టుకోలేం. అక్కకు దాచొద్దు తమ్ముడూ. నేను వార్డులో ఉన్నప్పుడు అందరూ బాగుంది బాగుంది అంటూ కళ్లు తిప్పుకునేవాళ్లు, దానికే టెన్షన్ ఎక్కువైంది. వీల్‌చైర్‌లో అయినా తీసుకెళ్లి పాపను చూపించమనండి. పాలు రెండు మూడు గంటలకోసారి పిండి ఇమ్మనండి, మొదట్లో చెంచాడు కూడా రావు, అయినా ఆపొద్దు, ఆ కాసిని పాలే సన్నటి గొట్టంతో పొట్టలోకి పోస్తారు. మా ఇంట్లో బాలింతకు పత్యం అని చారన్నంతోనే సరిపెట్టారు, అట్లా చేయకండి, పప్పు, గుడ్డు, కూర అన్నీ పెట్టండి.

ప్రశ్న అడిగినవారు

చాలా థ్యాంక్స్ అక్కా, సార్. పొద్దున అక్కను తీసుకెళ్లి చూపించాం, కాసేపు ఏడ్చింది గానీ పాప చెయ్యి పట్టుకుని కూర్చుంది. బుడగలు తగ్గాయి. ఇక్కడే ఉంచుదామని బావ కూడా ఒప్పుకున్నాడు. ఇంటికి తెచ్చాక స్నానం పోసి సాంబ్రాణి పొగ వేయాలంటోంది మా నానమ్మ, వేయొచ్చా?

జవాబు 1

అసలే వద్దు. సాంబ్రాణి, అగరుబత్తి, దోమల కాయిల్, కట్టెల పొయ్యి, సిగరెట్, ఏ పొగా పాప ఉన్న గదిలోకి రానీయొద్దు. ముక్కులో నూనె చుక్కలు, నోటితో ఊదడం కూడా వద్దని నానమ్మకు ఇప్పుడే చెప్పి పెట్టండి. ఇంకొకటి, 2 కిలోల లోపు పుట్టింది కాబట్టి పుట్టిన 30 రోజుల్లోపు కంటి రెటీనా పరీక్ష చేయించాలి, డిశ్చార్జ్ కాగితం మీద ఆ తేదీ రాయించుకోండి.