పాయలో లాగిన వల లెక్క కుదరడం లేదు: పిల్లచేపల సాంద్రత ఏది నమ్మాలి?

మడపాయ:
నిన్న సాయంత్రం నుంచి ఒకే లెక్క ముందు కూర్చుని విసిగిపోయి ఇక్కడ అడుగుతున్నాను. కోరింగ మడ అడవుల్లోని ఒక పాయలో పిల్లచేపల నమూనాల కోసం, 50 సెంటీమీటర్ల మూతి ఉన్న వలను చిన్న పడవకు కట్టి, ఒకే చోట, ఒకే వేగంతో, అయిదు నిమిషాల చొప్పున రెండుసార్లు లాగాము. మూతి మధ్యలో, వల నీటిలో ఎంత దూరం నడిచిందో కొలిచే ఫ్లో మీటరు ఉంది. మొదటి లాగుడుకు మీటరు 9,100 అంకెలు తిరిగింది, 14 చేపలు పడ్డాయి. రెండో లాగుడుకు 2,900 మాత్రమే తిరిగింది, 11 పడ్డాయి. మీటరుతో ఇచ్చిన సూత్రం ప్రకారం అంకెల తేడాను 26,873తో గుణించి 9,99,999తో భాగిస్తే దూరాలు 244 మీటర్లు, 78 మీటర్లు వస్తున్నాయి. వడకట్టిన నీరు 48, 15.3 ఘనపు మీటర్లు అవుతోంది. అంటే 100 ఘనపు మీటర్లకు మొదట 29 చేపలు, తరువాత 72. తక్కువ చేపలు పడిన లాగుడుకు రెండింతలకు పైగా సాంద్రత రావడం ఎలా సాధ్యం? పైగా మా పడవ పక్కనే ఊరి పిల్లలు దోమతెర గుడ్డతో మోకాలి లోతు నీళ్లలో బొంత చేప పిల్లల్ని బుట్టలకొద్దీ పడుతున్నారు. ఈ రెండింటిలో ఏ లాగుడును తీసివేయాలో చెప్పగలరు.

సన్నకన్ను:
వల కన్ను ఎంతో, పోటులో (నీరు ఎక్కేటప్పుడు) లాగారో పాటులో (నీరు దిగేటప్పుడు) లాగారో, పగలో రాత్రో, చేపల పొడవెంతో రాయకుండా అడిగితే ఎవరూ జవాబు చెప్పలేరు.

గాజుసీసా:
లెక్క సంగతి తరువాత చూద్దాం. ముందు ఆ 25 చేపలను ఏ ద్రవంలో వేశారో చెప్పండి. మన దగ్గర చాలామంది నాలుగు శాతం ఫార్మలిన్ కలిపి, బోరాక్స్ వేయడం మరచిపోయి, సీసాను అలమారలో పెట్టేస్తారు. బోరాక్స్ లేని ఫార్మలిన్ క్రమంగా ఆమ్లంగా మారి, చేప చెవిలో ఉండే సున్నపు రాయిని, అంటే ఓటోలిత్‌ను, కరిగించేస్తుంది. ఆ తరువాత చేప వయసు రోజుల్లో లెక్కించే అవకాశమే ఉండదు. వయసు గాని, డీఎన్ఏ గాని చూడదలచుకుంటే 95 శాతం ఆల్కహాల్‌లో వేసి, ఒక రోజు గడిచేలోగా ఆ ఆల్కహాల్‌ను ఒకసారి మార్చాలి, ఎందుకంటే చేప ఒంట్లోని నీరు కలిసి అది పలచబడుతుంది. ఏ ద్రవంలో వేసినా లార్వాల, అంటే గుడ్డు నుంచి బయటపడిన పసిపిల్లల, పొడవు కొంత తగ్గుతుంది కాబట్టి, కొన్నింటినైనా పడవ మీదే కొలిచి పెట్టుకోవాలి.

మడపాయ:
గాజుసీసా గారూ, నా ప్రశ్న సీసా గురించి కాదండి. సన్నకన్ను గారు అడిగారు కనుక చెబుతున్నాను: కన్ను 333 మైక్రాన్లు, పట్టపగలు, పున్నమి మరునాడు. మొదటి లాగుడు నిండు పోటు నిలకడగా ఉన్నప్పుడు, రెండోది పాటు లాగుతున్నప్పుడు. రెండోసారి వల నిండా బురద, కుళ్లిన ఆకు ముక్కలు వచ్చాయి. చేపలు ఎక్కువగా 6 నుంచి 12 మిల్లీమీటర్లు. ఇవన్నీ లెక్క మీద ప్రభావం చూపుతాయని అనుకోలేదు.

పాతలెక్క:
అన్నీ చూపుతాయి. బురద వచ్చిందన్నారు కాబట్టి వల మూసుకుపోయిందన్నది మొదట తోచే అనుమానం. కన్నులు మూసుకుపోతే నీరు వలలోకి దూరకుండా మూతి ముందే పక్కలకు తప్పుకుంటుంది, దానితో పాటు చేపపిల్లలూ తప్పుకుంటాయి. అందుకే వలలో తెరిచి ఉన్న కన్నుల మొత్తం వైశాల్యం మూతి వైశాల్యానికి కనీసం అయిదు రెట్లు ఉండాలంటారు. బురద నీళ్లలో అంతకన్నా ఎక్కువ ఉండాలి, లాగే సమయాన్ని ఒకటి రెండు నిమిషాలకు తగ్గించాలి. అయితే మీరు చెప్పని సంగతి ఒకటి మిగిలింది. "ఒకే వేగం" అన్నారే, ఆ వేగాన్ని జీపీఎస్‌లో చూశారా, పాటుకు ఎదురుగా లాగారా, వాలుగా అంటే అది పోయే వైపే లాగారా? జీపీఎస్ చెప్పేది నేల మీద వేగం. వలకు కావలసింది నీటిలో వేగం. మీ మొదటి లాగుడును బట్టి పడవ సెకనుకు సుమారు 0.8 మీటర్లు నడిచింది. పాటు సెకనుకు అర మీటరు ఉందనుకుని, దాని వాలునే అదే జీపీఎస్ వేగంతో వెళ్లి ఉంటే, వల నీటిలో నడిచింది సెకనుకు 0.3 మీటర్లే, అయిదు నిమిషాలకు 90 మీటర్లే. అప్పుడు మీ మీటరు చూపిన 78 అబద్ధం కాదు.

తీరవాసి:
మాస్టారు చెప్పిన లెక్క బాగానే ఉంది గాని, పాయ మధ్యలో లాగుడు వలతో పిల్లచేపలను పట్టాలనుకోవడమే నాకు అర్థం కాదు. బొంత పిల్ల గాని, పండుగప్ప పిల్ల గాని ఈత బలం వచ్చాక పాయ మధ్యలో ఉండదు. పోటుతో పాటు మడ చెట్ల మొదళ్లలోకి ఎక్కి, పాటుతో చివరి నీళ్ల వరకు అక్కడే ఉండి దిగుతుంది. అక్కడ అలివి వల (ఒడ్డుకు లాగే పొడవాటి వల) లాగడానికి గట్టి ఇసుక ఉండదు, బురదలోంచి పైకి పొడుచుకొచ్చే మడ చెట్ల శ్వాసవేళ్లకు వల చిక్కుకుని చిరుగుతుంది. చేయవలసిన పని ఏమిటంటే, చిన్న కాలువ నోటి దగ్గర గుంజలు పాతి, వలను బురదలో తొక్కి మడిచి ఉంచి, నిండు పోటు నిలబడగానే పైకెత్తి కట్టాలి. నీరు దిగిపోయాక కాలువలోని చేపలన్నీ వల దగ్గరికే వస్తాయి. అమావాస్య, పున్నమి పోట్లకు నీరు బాగా లోపలికి ఎక్కుతుంది కాబట్టి ఆ రోజులే మేలు.

పాతలెక్క:
తీరవాసి గారూ, 8 మిల్లీమీటర్ల లార్వా మీ గుంజల వల కన్నుల్లోంచి నీళ్లతో పాటే పోతుంది. కన్ను సన్నం చేస్తే పాటు ఒత్తిడికి గుంజలే లేచిపోతాయి. ఆయన పట్టింది లార్వాలు, మీరు మాట్లాడేది అంగుళం దాటిన పిల్లల గురించి. పైగా మీ పట్టును దేనితో భాగించాలి? ఎన్ని చదరపు మీటర్ల మడ నేల మునిగిందో కొలవకుండా దాన్ని సాంద్రత అనడానికి వీల్లేదు.

తీరవాసి:
వలకు ఇన్ని అని చెబితే సరిపోతుంది కదా. అదే కాలువలో అదే వలను నెలనెలా కడుతుంటే పెరుగుదల, తరుగుదల తెలుస్తుంది.

పాతలెక్క:
ఒక నెల నీరు పది మీటర్లు లోపలికి ఎక్కి, మరో నెల ముప్ఫై ఎక్కితే, మీకు తెలిసేది చేపల పెరుగుదల కాదు, పోటు పెరుగుదల.

దీపపుపురుగు:
వలలన్నీ వదిలి దీపపు ఉచ్చులు పెట్టి చూడండి. వెలుగుకు ఆకర్షితమయ్యే లార్వాలు వాటంతట అవే వచ్చి, చెక్కుచెదరకుండా పడతాయి.

సన్నకన్ను:
పగడపు దిబ్బల మీద తేట నీళ్లలో, చంద్రుడు లేని రాత్రుల్లో అది పనిచేస్తుంది; గోదావరి బురద నీళ్లలో ఆ వెలుగు ఎంతో దూరం పోదు, ఎంత నీటి నుంచి చేపలు వచ్చాయో తెలియదు, కొన్ని జాతులు అసలు రానే రావు. అన్నట్టు కోరింగ అభయారణ్యం కదా, అటవీ శాఖ అనుమతి లేకుండా గుంజలు పాతకండి.

మడపాయ:
అనుమతి ఉంది. రెండో లాగుడు పాటు వాలునే లాగాము, వేగం జీపీఎస్‌లోనే చూశాము. అయితే రెండోదాన్ని తీసివేయాలా, ఉంచాలా?

పాతలెక్క:
తీసివేయడానికి కారణం కనబడడం లేదు, కాని మొదటిదానితో కలిపి సగటు మాత్రం తీయకండి. నిండు పోటులో చేపలు పరచుకుని ఉంటాయి, పాటులో అదే చేపలు ఇరుకైన పాయలోకి దిగి దగ్గరపడతాయి; మీరు కొలిచింది రెండు వేర్వేరు స్థితులను. సెకనుకు 0.3 మీటర్ల మెల్లని వలను 10 మిల్లీమీటర్లు దాటిన పిల్ల సులువుగా తప్పించుకుంటుంది, పగలైతే మరీను, కాబట్టి అసలు సాంద్రత 72 కన్నా ఎక్కువే అయి ఉండవచ్చు. మరోవైపు 14, 11 అన్నవి చిన్న సంఖ్యలు. వాటిలో మూడు నాలుగు అటూ ఇటూ కావడం కేవలం యాదృచ్ఛికం, ఆ తేడాను సాంద్రతతో పాటే రాయండి. ఇకమీదట మూతికి బయట, పడవ పక్కన రెండో మీటరు ఒకటి కట్టండి. లోపలి అంకె బయటి అంకెలో 85 శాతం కన్నా తగ్గితే వల మూసుకుంటున్నట్టే. అప్పుడు వాలా, ఎదురా అని ఎవరినీ అడగనక్కరలేదు.

గాజుసీసా:
బోరాక్స్ వేశారో లేదో ఇంతవరకు చెప్పలేదు.

మడపాయ:
పాతలెక్క గారూ, పట్టికలో రెండు వరుసలుగా విడగొట్టి, పోటు స్థితిని కూడా రాసి పంపించేస్తున్నాను, ధన్యవాదాలండి. రెండో మీటరును పడవ అంచు నుంచి ఎంత దూరంలో, ఎంత లోతులో కట్టాలో కూడా ఎవరైనా చెబితే మేలు.