ఫ్రీమేసన్ లాడ్జికి మాస్టరు కాబోతున్నాను, పెద్దలను నొప్పించకుండా మార్పులు ఎలా?

ప్రశ్న (సీనియర్ వార్డెన్, అంటే లాడ్జిలో మాస్టరు తరువాతి అధికారి, హైదరాబాద్):

సోదరులకు నమస్కారం. రెండు నెలల్లో మా ఫ్రీమేసన్ లాడ్జికి (ఫ్రీమేసన్ సోదర సంఘపు స్థానిక శాఖకు) మాస్టరుగా, అంటే అధ్యక్షుడిగా బాధ్యత తీసుకోబోతున్నాను. వయసు 39. సమన్లను (సమావేశపు పిలుపులను) తపాలాలో కాకుండా వాట్సాప్‌లో పంపాలని, వేడుకల నిర్వహణ చూసే డైరెక్టర్ ఆఫ్ సెరిమనీస్ పదవిని ఒక యువ సోదరుడికి ఇవ్వాలని ఉంది. ఇప్పుడు ఆ పదవిలో ఉన్న పెద్దాయన 11 ఏళ్లుగా చేస్తున్నారు. నన్ను లాడ్జిలో చేర్పించింది కూడా ఆయనే. ఏ మాట ఎత్తినా “అది మన సంప్రదాయం కాదు” అంటున్నారు. కొత్తగా చేరినవారేమో నాలుగు సమావేశాలు చూసి రావడం మానేస్తున్నారు. ఏం చేయమంటారు?

జవాబు 1:

మొహమాటం దేనికి? సభ్యులు మాస్టరును, ట్రెజరరును ఎన్నుకుంటారు. మిగతా అధికారుల్లో చాలామందిని నియమించే హక్కు మాస్టరుదే. మీ అధికారుల జాబితా చదివేయండి. మాస్టరుగా మీకు ఉన్నది ఒక్క ఏడాదే.

జవాబు 2 (పాస్ట్ మాస్టర్, అంటే మాజీ మాస్టరు, విశాఖపట్నం):

పై సోదరుడి మాట నియమం ప్రకారం సరైనదే. నేనూ అలాగే చేసి చేతులు కాల్చుకున్నాను. ఇన్‌స్టలేషన్ (కొత్త మాస్టరు పదవి చేపట్టే వేడుక) రోజున జాబితా చదివేదాకా తన పేరు లేదని మా పెద్దాయనకు తెలియదు. ఒక్క మాట అనలేదు, భోజనానికి ఆగకుండా వెళ్లిపోయారు. ఆయన వెంట మరో ముగ్గురు రావడం మానేశారు. ఆ ఏడాది థర్డ్ డిగ్రీ (మూడో దశ దీక్ష) పాఠం కంఠతా వచ్చినవారు లేక పుస్తకం చూసి చదివాం. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

సంప్రదాయం అనే ఒక్క మాట కింద చాలా సంగతులు కలిసిపోతాయి, ముందు వాటిని విడదీయండి. పరమాత్మపై విశ్వాసం, పవిత్ర గ్రంథం తెరిచి ఉంచడం, మత రాజకీయ చర్చలు లేకపోవడం, వీటి జోలికి వెళ్లకూడదు. తరువాత లాడ్జిలన్నిటికీ పైనుండే గ్రాండ్ లాడ్జి నియమావళి, ఆ కింద మీ లాడ్జి ఉపనియమాలు. ఇవేవీ కానిది ఒట్టి అలవాటు. మా హాలులో “అనాదిగా వస్తున్న” కుర్చీల వరుస గురించి పాత మినిట్స్ (సమావేశాల నమోదు పుస్తకాలు) తిరగేస్తే, ఒక వేసవిలో ఫ్యాన్లు పాడైనప్పుడు మొదలైందని తేలింది!

సీనియారిటీ సంగతి కూడా అంతే. ఫ్రీమేసన్ల నియమ గ్రంథమైన 1723 నాటి ఆండర్సన్ రాజ్యాంగంలోనే మాస్టరునైనా వార్డెన్‌నైనా సీనియారిటీని బట్టి కాక యోగ్యతను బట్టి ఎంచుకోవాలని ఉంది. మన లాడ్జిల్లో బైబిల్ పక్కన గీత, ఖురాన్, గురు గ్రంథ్ సాహిబ్ ఉంచుతున్నాం కదా, లండన్‌లో 1717లో మొదటి గ్రాండ్ లాడ్జి పెట్టినవారు అది ఊహించి ఉంటారా?

అయితే ఈ వాదన పెద్దాయన ముందు పెట్టకండి. ఇంటికి వెళ్లండి, ఒంటరిగా. “మీ తరువాత ఎవరు చేయగలరు?” అని అడగండి. ఈ ఏడాది ఆ యువకుణ్ణి ఆయనకు అసిస్టెంటుగా వేయండి. కొత్తవారికి, దీక్షలో తాపీ పనిముట్ల అర్థం చెప్పే వివరణ వంటి చిన్న భాగాలు అప్పగించండి. గోడవారగా కూర్చుని చూడడం ఎవరికైనా విసుగే.

జవాబు 3 (లాడ్జి కార్యదర్శి):

సమన్లు ఎలా పంపాలో మీ ఉపనియమాల్లో రాసి ఉందేమో చూడండి. ఉంటే ముందుగా నోటీసు ఇచ్చి, తీర్మానం పెట్టి, పైవారి ఆమోదం తీసుకోవాలి. లేకపోతే వాట్సాప్‌తో పాటు అడిగినవారికి కాగితం కూడా పంపండి. పది కవర్ల ఖర్చుకు తగవు ఎందుకు?

ప్రశ్న అడిగినవారు:

నిన్న వెళ్లాను. గంటన్నర కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. అసిస్టెంటు విషయానికి అవునని గానీ కాదని గానీ అనలేదు. “ముందు ఆ అబ్బాయిని మూడు రిహార్సల్స్‌కు సమయానికి రమ్మనండి, చూస్తాను” అన్నారు. చిక్కేమిటంటే అతనికి గురువారాలు రాత్రి డ్యూటీ. ఆదివారానికి మార్చవచ్చా అంటే, “రిహార్సల్ గురువారమే. అది సంప్రదాయం” అన్నారు.

ఇవాళ కార్యదర్శి దగ్గర పాత మినిట్స్ పుస్తకాలు అడిగి తెచ్చుకున్నాను.