వీధి ఉత్సవంలో మొక్కలు ముందు కొనాలా, బొమ్మలు ముందు చూడాలా?

ప్రశ్న (తార్నాక నివాసి):
నమస్కారం. ఈ శని, ఆదివారాల్లో మా ప్రాంతంలో వాహనాలను ఆపి, వీధి పొడవునా చిత్రకళ, తినుబండారాలు, మొక్కల దుకాణాలతో ఉత్సవం జరుపుతున్నారు. కిందటేడు ఇలాంటి ఉత్సవంలోనే, అడుగుపెట్టగానే కనిపించిన అంటుమామిడిని ముచ్చటపడి కొని, మూడు గంటలపాటు చేత పట్టుకుని తిరిగాను. జనంలో ఒరుసుకుని, ఇంటికి చేరేసరికి అది అంటు కట్టిన అతుకు దగ్గర విరిగిపోయింది. ఆ బరువుతో, బట్టమీద కథలను బొమ్మలుగా గీసే చేర్యాల చిత్రకారుల దగ్గర నిలబడి ఒక్క బొమ్మనైనా నిదానంగా చూడలేకపోయానన్న బాధ ఇంకా ఉంది. ఈసారి అమ్మను కూడా తీసుకువెళ్తున్నాను. ఏ వరుసలో తిరిగితే బాగుంటుంది?

మిద్దెతోట:
వెళ్లగానే మొక్కను ఎంచుకుని, కొంత బయానా ఇచ్చి పక్కన పెట్టించండి. చేతికి తీసుకోవడం మాత్రం చివర్లోనే. అంటుమొక్కలో చూడాల్సింది వేలాడే కాయను కాదు, అతుకును. వేలితో మెల్లగా కదిపితే అక్కడ కదలిక ఉండకూడదు. అతుకుకు దిగువన వచ్చే చిగుర్లు కింది నాటుమొక్కవే తప్ప మీరు కోరుకున్న రకానివి కావు కనుక వాటిని ఎప్పటికప్పుడు తుంచేయాలి. తెచ్చిన రోజే కుండీలోకి మార్చకుండా, వారం పాటు నీడపట్టున ఉంచి, ఆ తర్వాత కవరు చీల్చి, వేళ్ల చుట్టూ ఉన్న మట్టిగడ్డ విరగకుండా నాటండి. అతుకు మట్టికి పైనే ఉండాలి.

రంగులపెట్టె:
చేర్యాల బొమ్మల దగ్గరకు వెలుతురు ఉండగానే వెళ్లండి. ఖద్దరు బట్టకు గంజి, సుద్దమన్ను, చింతగింజల జిగురు కలిపి పూతలు వేసి, ఆరిన తర్వాతే నకాషీలు, అంటే ఈ బొమ్మలు గీసే చిత్రకారులు, కుంచె పడతారు. ఊరూరా తిరిగి కులపురాణాలు చెప్పే కథకులు చుట్టిన బట్టను విప్పుతూ ఒక్కో ఘట్టాన్నీ చూపించడానికి పుట్టిన బొమ్మలివి; అందుకే అరలు అరలుగా, కథ చదువుతున్నట్టు చూడాలి. పక్కనుంచి చూస్తే వెనకనున్న ఎర్రటి పూతమీద రంగుపై రంగు వేసిన ఎత్తు కనిపిస్తుంది, అచ్చు వేసిన కాగితంలో అది ఉండదు. కొంటే చుట్టచుట్టి తెచ్చుకోండి, మడతపెడితే పూత పగులుతుంది.

ఓరుగల్లు ఆడపడుచు:
సర్వపిండి దుకాణం కనిపిస్తే ముందుగా చెప్పి ఉంచి, అమ్మగారిని దగ్గర్లో కూర్చోబెట్టండి. బియ్యప్పిండిలో శెనగపప్పు, పల్లీలు, నువ్వులు కలిపి, గిన్నె అడుగున ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, నూనె వేసి సన్నసెగ మీద కాల్చేది కనుక సమయం పడుతుంది. ఆ లోపు మీరు వెళ్లి మొక్క తెచ్చుకోవచ్చు.