సాగర్ నీళ్ళల సాధన చేస్తే విశాఖ–కాకినాడ తీరానికి సరిపోతదా?

పాలమూరు_తెరచాప:
4.82 మీటర్ల వేఫేరర్ రకం తెరచాప పడవ, ఇద్దరం, ఇంజన్ లేదు. విశాఖ నుంచి కాకినాడకు నేరుగ చూస్తే సుమారు 70 నాటికల్ మైళ్ళు (ఒకటి 1.85 కిలోమీటర్లు). పూడిమడక, పెంటకోట దగ్గర రాత్రి ఆగి మూడు పగళ్ళల పోవాలని లెక్క. సాధన అంతా నాగార్జునసాగర్‌లనే, నాలుగు నెలలు. ఇది చాలదు, సముద్రం ఒడ్డున నెల రోజులు ఉండాల్సిందే అని కొందరంటున్నరు. నేనైతే ఒప్పుకోను. ఇంగ్లండ్ నావికుడు ఫ్రాంక్ డై 1963ల ఇదే రకం పడవల స్కాట్లాండ్ నుంచి ఐస్‌లాండ్ పోయిండు, అంటే పడవ బలానికి ఢోకా లేదు. సాగర్ల కొండల నడుమ గాలి ఒక్కసారిగ తిరుగుతది. దాన్ని పట్టినోనికి సముద్రం మీది నిలకడ గాలి అల్కనే కదా?

దేవరకొండ_చుక్కాని:
తమ్మీ, ఆయననే మల్ల 1964ల నార్వే పోతుంటే తుఫాన్ల మాస్ట్ (తెరచాప కట్టే స్తంభం) విరిగింది, పడవ బోల్తా పడ్డది. బతికి బయటపడ్డది సముద్రం ఎరిగినోడు కాబట్టి.

గాలి సంగతి నువ్వన్నది నిజమే. గని చిన్న పడవకు అసలు గండం ఒడ్డు. సాగర్ల రేవుకు తెరచాపతోనే వచ్చి ఆగుతవు. పూడిమడకల అట్ల వస్తే, అల విరిగే చోట పడవ వెనుక భాగం లేస్తది, ముక్కు నీళ్ళల గుచ్చుకుంటది. చుక్కాని గాల్ల ఉంటది కాబట్టి ఎంత తిప్పినా పడవ మాట వినదు. అడ్డం తిరిగి బోల్తా పడతది. కింద లోతు మీటరే ఉంటది, మాస్ట్ కొన ఇసుకల దిగి విరుగుతది.

అందుకే అలలు విరిగే చోటికి బయటనే తెరచాప దించాలె. చుక్కాని ఊడదీసి లోపల పెట్టి, సెంటర్‌బోర్డు (పడవ అడుగున నీళ్ళల దిగే పలక) దాదాపు పూర్తిగ ఎత్తాలె. లంగరు వేసి, ముక్కు సముద్రం దిక్కే ఉంచి, తాడు వదులుకుంట వెనుకకు రావాలె. పెద్ద అల వస్తే తాడు బిగబట్టి, పోయినంక వదలాలె. 5 కిలోల లంగరు, 3 మీటర్ల గొలుసు, 10 మిల్లీమీటర్ల నైలాన్ తాడు 100 మీటర్లు కావాలె. అందరు కొనేది 50 మీటర్లే, అది అలల నడిమిట్లనే అయిపోతది. ఇది సాగర్ల ఎట్ల నేర్చుకుంటవు?

సోమశిల_తెడ్డు:
అన్న చెప్పిన దిగే పద్ధతికి నిలవనీళ్ళలో సాధన లేదు, ఒప్పుకుంటాను. కానీ బోల్తా కొట్టి లేపే సాధనకు సాగర్, సోమశిల కంటే మంచి చోటు లేదు. చాలామంది ఖాళీ పడవతో చేసి తృప్తిపడతారు, అదే తప్పు. 20 లీటర్ల తాగునీరు, తిండి, లంగరు, గుడారం అన్నీ కట్టి బోల్తా కొట్టండి. లేపాక లోపల మిగిలిన నీళ్ళు అటూఇటూ పొర్లి మళ్ళీ పడేస్తాయి. అందుకని తాడుతో కట్టిన బకెట్లు రెండు ఉండాలి. తోడడం పది నిమిషాల్లో అయిపోకపోతే ఆ బరువుతో బయలుదేరకండి. పడవను తేల్చే ముందరి, వెనుకటి గాలిగదుల మూతలు తీసి చూడండి, లోపల నీళ్ళుంటే రబ్బరు మార్చాలి.

ఇంకొకటి, ఈ దారికి ప్రత్యేకం. గాలి వెనుక నుంచి వస్తుంది కాబట్టి దాని బలం తెలియదు. 12 నాట్ల (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) గాలిలో 5 నాట్లతో పోతుంటే ఒంటికి తగిలేది 7 నాట్లే. హాయిగా ఉందనుకుని పడవను గాలికెదురు తిప్పితే మొత్తం బలం ఒక్కసారి మీద పడుతుంది. నీళ్ళ మీద తెల్ల నురగలు కనిపించగానే తెరచాప కుదించండి. బూమ్ (తెరచాప అడుగున ఉండే అడ్డకర్ర) తనంతట తాను అటు నుంచి ఇటు కొట్టకుండా ముందుకు తాడు కట్టండి. ఇవన్నీ సాగర్‌లో నేర్చుకోవచ్చు.

పాలమూరు_తెరచాప:
మరి డిసెంబర్ మొదట్ల పోతే? గాలి ఈశాన్యం, నీటి ప్రవాహం కూడ దక్షిణానికే.

దేవరకొండ_చుక్కాని:
అది తుఫాన్ల కాలం. జనవరి ఆఖరుకు జరుపు. ప్రవాహం తగ్గుతది, ఎదురు కూడ తిరగొచ్చు. అర నాట్ ఎదురైతే 18 గంటలల 9 మైళ్ళు పోతయి, పోనీ. హైదరాబాద్‌ల సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అంచనాల అల ఎత్తు ఒక్కటే చూడకు, రెండు అలల నడుమ సెకన్లు కూడ చూడు. మీటరు ఎత్తు అల 5 సెకన్లకు ఒకటి వస్తే ఒడ్డుకు దిగవచ్చు. అదే ఎత్తు 12 సెకన్లదైతే ఒడ్డు దగ్గర చాన లేస్తది. పెంటకోటల తాండవ నది మొగలకు (సముద్రంల కలిసే చోటికి) పోయేటట్టుంటే పోటు మీదనే, సముద్రం నీళ్ళు లోపలికి ఎక్కేటప్పుడే పో. పాటుల, అంటే నీళ్ళు వెనక్కు తీసేటప్పుడు, నది నీళ్ళు అలకు ఎదురొచ్చి గోడ లెక్క నిలబడతయి.

పాలమూరు_తెరచాప:
సరే అన్నా. సాగర్ల మూడున్నర నెలలు, చివరి పదిహేను రోజులు పూడిమడకల. నెల మాత్రం అక్కర్లేదంట.

దేవరకొండ_చుక్కాని:
నేను నెలే అంట. పదిహేను రోజులల దిగడానికి పనికొచ్చే అలలు నాలుగైదు రోజులే దొరకొచ్చు.

సోమశిల_తెడ్డు:
పదిహేనైనా నెలైనా, మొదటి రోజులు మాస్ట్ తీసేసి, ఖాళీ పడవతో, మోకాలెత్తు అలల్లోనే దిగండి. లంగరు తాడు చూసేవారు ఒకరు, తెడ్లు వేసేవారు ఒకరు, మూడో మనిషి ఒడ్డున. అల నడుమెత్తు దాటితే ఆ పూట ఆపేయండి. వీహెచ్‌ఎఫ్ రేడియోలో 16వ ఛానెల్ పెట్టి, కోస్ట్‌గార్డ్ 1554 నంబరు ఒడ్డున ఉన్న మనిషి దగ్గర కూడా ఉంచండి.