పర్మిట్ రివ్యూ డ్రాఫ్ట్ వచ్చింది, "ఓకే" అని పంపేయమంటున్నారు. పంపేయనా? (డెయిరీ, ఇంగ్లండ్)

కొత్తగా_చేరా:
అందరికీ నమస్తే. ఇంగ్లండ్ లో ఒక డెయిరీలో ఎన్విరాన్‌మెంట్ ఆఫీసర్ గా చేరి రెండు నెలలైంది, అంతకుముందు క్వాలిటీ ల్యాబ్ లో ఉండేదాన్ని, పర్మిట్ అంటే రిసెప్షన్ గోడకి తగిలించే కాగితం అనుకునేదాన్ని అప్పటిదాకా. ఇప్పుడు విషయం ఏంటంటే, ఫుడ్ అండ్ డ్రింక్ సెక్టార్ పర్యావరణ పర్మిట్లన్నీ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ వాళ్లు రివ్యూ చేస్తున్నారు కదా, మా సైట్ కి కూడా అప్పట్లో రెగ్యులేషన్ 61 నోటీసు (సైట్ వివరాలు ఇమ్మని అడిగేది) వచ్చిందట, నాకు ముందున్నాయన ఆ పెద్ద షీట్ నింపి పంపేసి వేరే కంపెనీకి వెళ్లిపోయాడు. ఆ షీట్ తెరిచి చూస్తే ప్రతి బ్యాట్ (కాలుష్యం తగ్గించడానికి పాటించాల్సిన మేలైన పద్ధతి) ఎదురుగా "సీసీ" అని ఉంది, అంటే ఇప్పటికే పాటిస్తున్నాం అని. ఒక్కటంటే ఒక్కటి కూడా "ఎఫ్‌సీ" లేదు, అంటే ఫలానా తేదీకి పాటిస్తాం అన్నది!

ఇప్పుడు మార్చిన పర్మిట్ డ్రాఫ్ట్, దాంతో పాటు డెసిషన్ డాక్యుమెంట్ వచ్చాయి, కామెంట్స్ కి కొద్ది రోజులే టైమ్. మేనేజర్ గారు "అంతా బానే ఉందని మెయిల్ కొట్టెయ్" అంటున్నారు. కానీ చూస్తే నదిలోకి వదిలే నీళ్లకి సీఓడీ (నీటిలోని మలినాలు ఎంత ఆక్సిజన్ లాగుతాయో చెప్పే కొలత) లిమిట్ లీటరుకి 125 మిల్లీగ్రాములు పెట్టారు. మాకు మామూలు రోజుల్లో 70, 80 వస్తుంది, చీజ్ లైన్ నడిచిన రోజుల్లో 140 కూడా చూశాను. పైగా ఐదు ఇంప్రూవ్‌మెంట్ కండిషన్స్, అందులో ఒకటి ట్యాంకుల బండ్ల (లీకైతే ఆపడానికి చుట్టూ కట్టే గోడల) గురించి, 12 నెలల్లో రిపోర్ట్ ఇవ్వాలట. పాత ఆయన రాసింది తప్పు అని ఇప్పుడు చెప్పొచ్చా, చెప్తే మా మీదకే వస్తుందా? ఇంకా ఏం చూసుకోవాలి?

ఈటీపీ_బాబాయ్:
అమ్మాయ్, ముందు ఆ మెయిల్ కొట్టకు. డ్రాఫ్ట్ దశలో ఒక్క వాక్యంతో మారేది, పర్మిట్ చేతికొచ్చాక మార్చాలంటే అప్లికేషన్, ఫీజు, నెలల తరబడి ఎదురుచూపు.

ఈ 125 కథ చెప్తా. యూరప్ వాళ్లు ఫుడ్, డ్రింక్, మిల్క్ సెక్టార్ కి బ్యాట్ కన్‌క్లూజన్స్ 2019 డిసెంబర్ 4న గెజిట్ లో వేశారు, పర్మిట్లన్నీ నాలుగేళ్లలో, అంటే 2023 డిసెంబర్ 4 లోపు దానికి తగ్గట్టు ఉండాల్సింది. బ్రెగ్జిట్ అయినా ఇక్కడ అవి అలాగే నడుస్తున్నాయి. అందులో నేరుగా నదిలోకో వాగులోకో వదిలే నీళ్లకి సీఓడీ 25 నుంచి 100, సస్పెండెడ్ సాలిడ్స్ 4 నుంచి 50, టోటల్ నైట్రోజన్ 2 నుంచి 20, ఫాస్ఫరస్ 0.2 నుంచి 2, అన్నీ లీటరుకి మిల్లీగ్రాముల్లో, రోజు సగటు. డెయిరీలకి సీఓడీ 125 దాకా, ఫాస్ఫరస్ 4 దాకా వదులు ఇచ్చారు, కానీ కింద చిన్నక్షరాల్లో ఒక మెలిక ఉంది, ఏడాది సగటున ఈటీపీ, అంటే మురుగు నీటి శుద్ధి ప్లాంట్, లోపలికొచ్చినదాంట్లో 95 శాతం తీసేస్తేనే ఆ వదులు. ఇది చాలామంది చదవరు. లోపలికి 2500 వచ్చి బయటికి 125 పోతే సరిగ్గా 95. అదే లోపలికి 1500 మాత్రమే వస్తే బయటికి 75 దాటకూడదు, లేకపోతే నీకు 125 అడిగే హక్కే లేదు. కాబట్టి ఇన్‌లెట్ సీఓడీ డేటా ఉందా మీ దగ్గర? చాలా సైట్లలో అవుట్‌లెట్ కొలుస్తారు, ఇన్‌లెట్ ని గాలికొదిలేస్తారు.

ఇంకోటి, ఆ 140 ఎలా తీసిన శాంపిల్? పొద్దున పదింటికి బాటిల్ ముంచి తెచ్చిందా? రోజు సగటు అంటే 24 గంటల పాటు ఫ్లో ని బట్టి చుక్క చుక్క పోగేసే కాంపోజిట్ శాంపిల్. నీ 140 చీజ్ విరుగుడు నీళ్లు దూకిన గంటలో తీసింది అయ్యుండొచ్చు, ఆ నీళ్ల సీఓడీ యాభై వేల పైనే ఉంటుంది, ఒక్క వాల్వ్ లీకైతే చాలు ప్లాంట్ బ్యాక్టీరియా మొత్తం తలకిందులు. అసలు మందు లైన్ దగ్గర ఉంది, ఈటీపీ దగ్గర కాదు.

షిఫ్ట్_ఇన్‌ఛార్జ్:
బాబాయ్ గారు ఎప్పటిలాగే భయపెడుతున్నారు 😀 నేను ప్రొడక్షన్ సైడ్, నా మాట కూడా వినండి. ముందు మీ సైట్ అసలు ఈ లెక్కలోకి వస్తుందా చూడండి. పాలు మాత్రమే అయితే రోజుకి 200 టన్నుల కన్నా ఎక్కువ రావాలి, అదీ ఏడాది సగటు మీద. మాంసం లాంటి జంతు సరుకు అయితే రోజుకి 75 టన్నుల ఫినిష్డ్ ప్రోడక్ట్, కూరగాయల సరుకు అయితే 300. ఈ చివరి రెండూ కెపాసిటీ లెక్కలు, నిన్న ఎంత తయారైందని కాదు. ఇంకా నీటి వాడకం గురించి టేబుల్ ఉంటుంది, మార్కెట్ మిల్క్ (తాగే పాలు) కి టన్నుకి 0.3 నుంచి 3 క్యూబిక్ మీటర్ల వ్యర్థ నీరు అని, అవి సూచనలే, లిమిట్లు కావు, వాటికి బెంబేలెత్తకండి. పాత షీట్ గురించి అయితే ఎవరూ అడగనప్పుడు మీరే ఎందుకు కెలకడం అని నా ఉద్దేశం.

ఈటీపీ_బాబాయ్:
లిమిట్లు కావు, నిజమే. కెలకొద్దు అన్నది మాత్రం ఒప్పుకోను. రెగ్యులేషన్ 61 నోటీసుకి జవాబు ఇవ్వకపోతే ఎలా నేరమో, తెలిసీ తప్పుడు సమాచారం ఇవ్వడమూ అంతే. ఆయనకి తెలియక రాసుండొచ్చు, ఈ అమ్మాయికి ఇప్పుడు తెలుసు, తేడా అక్కడే. "మళ్లీ చూసుకున్నాం, ఫలానా బ్యాట్ కి మా పాత జవాబు సరిచేస్తున్నాం, ఫలానా తేదీకి పూర్తిచేస్తాం" అని రాస్తే సీసీ కాస్తా ఎఫ్‌సీ అవుతుంది, ఒక ఇంప్రూవ్‌మెంట్ కండిషన్ తగిలిస్తారు. నేను చూసినంతలో ఇలా ముందే చెప్పినవాళ్ల మీద విరుచుకుపడింది లేదు.

కాలవల_కన్సల్టెంట్:
లేటుగా వచ్చా. పైన ఇద్దరూ కాగితాల గురించే మాట్లాడారు, నేను బూట్లేసుకుని బయటికి వెళ్లమంటా. డ్రాఫ్ట్ లో సైట్ ప్లాన్ ఉంటుంది ఆకుపచ్చ గీతతో, దాన్ని ప్రింట్ తీసి ఒక్కో మ్యాన్‌హోల్ దగ్గరికి నడవండి. నదిలోకి పోయే పాయింట్లు, సివర్ లోకి పోయేవి, వాననీటివి, ఒక్కోదాని గ్రిడ్ రిఫరెన్స్ కరెక్టా కాదా. బాబాయ్ చెప్పిన నంబర్లు నేరుగా నదిలోకి వదిలే వాటికే, సివర్ లోకి పంపేదానికి ఆ లిమిట్లు పెట్టరు, దానికి వాటర్ కంపెనీ ఇచ్చే ట్రేడ్ ఎఫ్లుయెంట్ కన్సెంట్ (ఫ్యాక్టరీ మురుగు సివర్ లోకి వదలడానికి అనుమతి) వేరే. పాయింట్ తప్పు టేబుల్ లో పడితే ఏళ్ల తరబడి లేని లిమిట్ కి కొలుచుకుంటూ కూర్చుంటారు.

నాకు జరిగింది చెప్తా, సైట్ పేరు వద్దు. ట్యాంకర్లు పాలు దించే చోట ఒక జాలీ, డ్రాయింగ్ లో ఎర్ర గీత, అంటే మురుగు లైన్, ఈటీపీకి పోతుంది. జాలీకి కూడా నీట్ గా ఎర్ర పెయింట్. ఎందుకో అనుమానం వచ్చి రంగు నీళ్లు పోశాం. నేను ఈటీపీ ఇన్‌లెట్ దగ్గర పావుగంట నిలబడ్డా, ఏమీ రాలేదు. అవతల కంచె దాటి వెనకున్న వాగు దగ్గర నిలబెట్టిన కుర్రాడు ఫోన్ చేశాడు, "అన్నా ఇక్కడ పచ్చగా వస్తోంది" అని. ఎన్నేళ్లుగానో హోస్ ఊడిన ప్రతిసారీ పాలు వాగులోకే పోయాయన్నమాట. పాల బీఓడీ (సీఓడీ లాంటిదే, బ్యాక్టీరియా వాడుకునే ఆక్సిజన్ కొలత) లీటరుకి లక్ష మిల్లీగ్రాములు దాటుతుంది, మామూలు మురుగు నీరు కొన్ని వందలు మాత్రమే, తెల్లగా ఉంది కదా అని పాలతో ప్రమాదం లేదనుకుంటారు జనం.

బండ్ల కండిషన్ కి సిరియా (CIRIA, ఇక్కడి నిర్మాణ రంగ పరిశోధన సంస్థ) సీ736 గైడ్ ప్రకారం చూపించమంటారు. మొదటి చూపుకి, పెద్ద ట్యాంక్ లో 110 శాతం, లేదా మొత్తం ట్యాంకుల్లో 25 శాతం, ఏది ఎక్కువైతే అది పట్టాలి. దానికన్నా ముందు బండ్ లో పగుళ్లు, గోడలోంచి దూరిన పైపులు చూడండి. 12 నెలలు సర్వే, రిపోర్ట్ కి సరిపోతాయి, కాంక్రీట్ పనికి చాలవు, ఆ కండిషన్ లో రిపోర్ట్ మాత్రమే అడిగారా, పని కూడా పూర్తవ్వాలన్నారా అన్నది పదం పదం చదవండి. టైమ్ ఎక్కువ కావాలంటే కారణంతో ఇప్పుడే అడగాలి.

బాయిలర్ల పేజీ కూడా వదలొద్దు. 5 మెగావాట్ల పైన పాతవాటికి 2025 జనవరి 1 నుంచే లిమిట్లు, 1 నుంచి 5 మధ్యవాటికి 2030 జనవరి 1. కెపాసిటీ అంటే లోపలికి పోయే ఇంధనం లెక్క, ఇచ్చే ఆవిరి లెక్క కాదు, ప్లేట్ మీద నంబర్ చూసి పొరపడతారు.

కొత్తగా_చేరా:
అందరికీ థాంక్స్, నిన్నంతా బయటే ఉన్నా. పాలు రోజుకి 340 టన్నులు, కాబట్టి లెక్కలోకి వస్తాం. ఇన్‌లెట్ సీఓడీ ఏడాదిలో పదకొండే రీడింగులు దొరికాయి, వాటి మీద 94.1 వస్తోంది 😓 పదకొండుతో ఏడాది సగటు అనడానికి నాకే మొహం చెల్లలేదు. అద్దెకి కాంపోజిట్ శాంప్లర్ రేపు వస్తోంది, రెండు చోట్లా పెడతాం. మేనేజర్ గారికి 95 శాతం మెలిక చూపిస్తే కాసేపు మాట్లాడలేదు, తర్వాత కామెంట్స్ కి ఇంకో రెండు వారాలు టైమ్ అడగమన్నారు, అడిగితే ఇచ్చారు. షీట్ లో మూడు సీసీలు ఎఫ్‌సీ కి మారుస్తున్నా, ఆ చీజ్ లైన్ వాల్వ్ ది కూడా కలిపి.

డ్రాఫ్ట్ లో నది పాయింట్ గ్రిడ్ రిఫరెన్స్ మా పక్క ఫ్యాక్టరీ కార్ పార్క్ లో పడుతోంది, అది ఎవరూ చూడలేదు ఇన్నేళ్లూ!! రంగు నీళ్లు గురువారం పోస్తాం. ఒక డౌట్, ఒకవేళ అది కూడా వాగులో తేలితే?

కాలవల_కన్సల్టెంట్:
పోసే ముందే ఏజెన్సీ వాళ్లకి ఫోన్ చేసి చెప్పండి, ఏ రంగు, ఎంత, ఏ టైమ్ కి అని. లేకపోతే కింద ఊళ్లో ఎవరో వాగు పచ్చబడిందని కంప్లైంట్ ఇస్తారు, వాళ్లు మీ గేటు ముందే దిగుతారు. గ్లవ్స్ వేసుకోండి, వారం దాకా వదలదు.